మా జిల్లాలో ఇవాన్ డెనిసోవిచ్

1970ల చివర్లో, ఎమర్జెన్సీ ఎత్తేశాక, శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళ మధ్య చేతులు మారిన పెంగ్విన్ ప్రతుల్లో బాగా నలిగిపోయింది సోల్జెనిత్సిన్ నవల ‘ఇవాన్ డెనిసోవిచ్ జీవితంలో ఒక రోజు’. నూట యాభై పేజీలు దాటని బక్క పుస్తకం. అధ్యాయాలు లేవు, ప్రేమ లేదు, పారిపోవడాలు లేవు, చివర్లో ఎవరూ విడుదల కారు. స్టాలిన్ కాలం నాటి లేబర్ క్యాంపులో ఒక ఖైదీ, 1951 జనవరిలో ఒకనాడు పొద్దున్న ఐదింటికి లేచి రాత్రి పడుకునేదాకా ఏం తిన్నాడు, ఏం దాచాడు, గోడ ఎంత లేపాడు, అంతే కథ. అంత చీకటి పుస్తకాన్ని మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగి ఎందుకు తీసుకెళ్ళేవారంటే అందులో ఉన్నది తిండీ, పనీ, సోదా. 1969లో నక్సలైటు పోరాటం వల్ల కల్లోలిత ప్రాంతమని ప్రకటించాక జిల్లాలో పోలీసు క్యాంపులు చూసినవాళ్ళకి, ఆ తర్వాత ఎమర్జెన్సీ చూసినవాళ్ళకి, ఆ మూడింటి గురించీ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అప్పట్లో రష్యా పుస్తకం అంటే విశాలాంధ్ర పుస్తకాల వాను. ఊళ్ళోకి వచ్చి ఆగిందంటే గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్ శుభ్రమైన తెలుగులో, గట్టి అట్టల్తో, చవగ్గా దొరికేవారు. క్రొవ్విడి లింగరాజు గారు తెలుగు చేసిన ‘అమ్మ’ చదవకుండా పెద్దయినవాళ్ళు మా చుట్టుపక్కల తక్కువ. అందులో తల్లి ఫ్యాక్టరీలో తిండి అమ్మే నెపంతో కరపత్రాలు లోపలికి చేరేస్తుంది. జార్ కాలపు సోదాలు ఎలా ఉండేవో తెలియడానికి ఆ వాను చాలు. జార్ పోయాక జరిగిన సోదాల పుస్తకం మాత్రం ఆ వానులో రాదు కదా! దానికి విశాఖపట్నం పాత పుస్తకాల కొట్లే దిక్కు, అదీ ఇంగ్లీషులో. మాస్కోలో ‘నోవీ మీర్’ పత్రిక సంపాదకుడు త్వర్దోవ్‌స్కీ పట్టుబట్టి, సోవియట్ అధినేత క్రుశ్చేవ్ దాకా వెళ్ళి ఒప్పించుకుని, 1962 నవంబరు సంచికలో అచ్చేసిన నవల ఇది. 1974 ఫిబ్రవరిలో రచయితని దేశం బయటికి గెంటేశాక అక్కడి గ్రంథాలయాల్లోంచి కూడా తీసేశారు. ఈ సంగతులు తెలిసిన కమ్యూనిస్టు పార్టీ అభిమానులు ఇక్కడ పుస్తకాన్ని ముట్టుకోవడానికే సందేహించేవారు. ఇది అమెరికా వాళ్ళు ఎగదోసిన రాత అని కొట్టిపారేసినవాళ్ళూ ఉన్నారు. నిజానికి అందులో అమెరికాకి పనికొచ్చే ఉపన్యాసం ఒక్కటీ లేదు. ఖైదీలకి స్టాలిన్ గురించి ఆలోచించే తీరికే ఉండదు. వాళ్ళ ఆలోచనంతా సాయంత్రం రొట్టె మీద.

చదవడం అంటే ఎవరి మటుకు వాళ్ళు చదవడం కాదు. ఇంగ్లీషు వచ్చిన మాస్టారు ఒకరు ముందురోజు చదువుకుని, మర్నాడు సాయంత్రం తెలుగులో చెప్పేవారు. వినేవాళ్ళలో గుమాస్తాలు, మిల్లు కార్మికులు, తాపీ మేస్త్రులు. అధ్యాయాలు లేని పుస్తకం కాబట్టి ఎక్కడ ఆపాలన్నది మొదటి చిక్కు. అనుభవం మీద తేలిన పద్ధతి నాలుగు కూర్చోబెట్లు. రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొట్టే లేపుడు గంట దగ్గర్నుంచి గేటు దాటేదాకా ఒకటి. పవర్ స్టేషను కట్టే చోటికి చేరడం, పొయ్యి రాజెయ్యడం, మధ్యాహ్నపు జావ రెండోది. గోడ మూడోది. తిరుగు నడక, సోదా, పార్సిళ్ళ వరస, రాత్రి లెక్కింపులు నాలుగోది. ఒక్కోటి గంటన్నర. గోడ ఉన్న రోజు మాత్రం రెండున్నర గంటలైనా తెమిలేది కాదు, ఎందుకో కింద చెప్తాను.

రెండో చిక్కు పేర్లు. షూహోవ్, ఇవాన్ డెనిసోవిచ్, ష్చ-854, మూడూ ఒకడే. ఆ ముక్క మొదట్లోనే చెప్పకపోతే వినేవాళ్ళు ముగ్గురు ఖైదీలు అనుకుంటారు, సగం కథ అయ్యాక మొదటికొస్తుంది. అందుకని చెప్పేవాళ్ళు ఒక్క ‘షూహోవ్’నే పట్టుకుని మిగతావాళ్ళని పనిని బట్టో వాలకాన్ని బట్టో పిలిచేవారు. త్యూరిన్ ముఠా మేస్త్రి. బుయినోవ్‌స్కీ కెప్టెను. సీజర్ పార్సిళ్ళవాడు. అల్యోష్క బాప్టిస్టు. ఫెత్యుకోవ్ గిన్నెలు నాకేవాడు. ఇంటి పేరు తెలియకపోయినా ‘సైకిలు షాపు అప్పారావు’ అంటే గుర్తుపట్టే ఊళ్ళకి ఇది బాగా కుదిరింది. చీటీ మీద ఈ ఐదారు పేర్లు రాసుకుని పుస్తకంలో పెట్టుకునేవారు. పాత ప్రతుల్లో అలాంటి చీటీలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మూడో చిక్కు చలి. శ్రీకాకుళంలో పుష్యమాసం తెల్లారగట్ల దుప్పటి కప్పుకునే చలికి, సున్నాకి దిగువన 27 డిగ్రీలకి పొంతన లేదు. ఆ నవలలో క్యాంపు దగ్గర థర్మామీటరు ఉంటుంది. అది దిగువన 41 చూపిస్తే పనికి తోలకూడదు. చలి అంతకి ఒక్క డిగ్రీ తగ్గినా తోలతారు. చేపలకి వాడే ఐసు గడ్డ అరచేతిలో నిమిషం పట్టుకోమని చెప్పడం ఒక ఉపాయం. అది సున్నా డిగ్రీలు మాత్రమే అని గుర్తు చేస్తే అప్పుడు కాస్త అందేది.

తిండి దగ్గరికి వచ్చేసరికి ఇవేవీ అక్కర్లేదు. షూహోవ్‌కి రావాల్సిన రొట్టె 550 గ్రాములు. చేత్తో ఎగరేసి తూకం చూసుకుంటాడు. పూర్తి తూకం ఉన్న రొట్టె జైల్లో ఎప్పుడూ దొరకదని అతనికి ఏళ్ళ అనుభవం. రొట్టె మీద పోసిన చిటికెడు పంచదార ముందు నాలికతో తీసుకుంటాడు. తర్వాత రొట్టెని రెండు ముక్కలు చేస్తాడు. ఒకటి చలికోటు లోపల తనే కుట్టుకున్న జేబులోకి. రెండోది పరుపులోకి. టోపీలో దాచిన సూది తీసి, పరుపు కుట్టు విప్పి, లోపలి రంపపు పొట్టులోకి తోసి, మళ్ళీ కుట్టేస్తాడు. పక్కన లెక్కింపుకి బయటికి రమ్మని అరుస్తూ ఉంటే కుట్టడం, అదీ చూడాల్సిన సంగతి. దారం తెగకూడదు, కుట్లు పాతవాటిలా కనిపించాలి, సూది మళ్ళీ టోపీలోకి వెళ్ళిపోవాలి. ఒకేసారి తినేస్తే తిన్నట్టే ఉండదు. సొరుగులో పెడితే దొంగలపాలు. అంతా జేబులో ఉంటే ఎవడైనా లాక్కుంటే అంతా పోతుంది. ఈ లెక్కంతా రచయిత వాదనగా చెప్పడు. చేతులు చేసే పని చూపించి ఊరుకుంటాడు. రేషను షాపు తూకాల గురించి కోపాలున్న జనం దీన్ని ఎంత శ్రద్ధగా వినేవారో చెప్పలేను.

సాయంత్రం రొట్టె ముఠా చేసిన పని శాతాన్ని బట్టి వస్తుంది, 200 గ్రాములు తేడా. కాబట్టి ఇటికలు ఎన్ని పేర్చారన్నదానికన్నా కాయితం మీద ఎంత పని రాశారన్నది ముఖ్యం. మేస్త్రి త్యూరిన్ విలువంతా ఆ కాయితం రాయించుకునే నేర్పులో ఉంది. 1977లో పనికి ఆహార పథకం వచ్చాక మట్టిపని కొలతల పుస్తకం అంటే ఏమిటో మన పల్లెల్లో అందరికీ తెలిసింది. గొయ్యి లోతు కొలవడానికి మధ్యలో వదిలే మట్టి దిమ్మ పైన పిడికెడు మట్టి వేసి ఎత్తు పెంచడం, కొలిచేవాడు దాన్ని చూసీ చూడనట్టు పోవడం, ఆ సంగతులు తెలిసినవాళ్ళకి త్యూరిన్ చప్పున అర్థమయ్యేవాడు. పట్నంలో చదువుకున్నవాళ్ళు ఈ శాతాల పేరాలని విసుగ్గా దాటేస్తారు. నవల సగం బలం అక్కడే ఉంది.

ఇంకొకటి, జావ. చిరుధాన్యంలా కనిపించే ఒక గడ్డి గింజని, ‘మగర’ అంటారు, జావ కాచి పోస్తారు. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా రుచీ పచీ ఉండదు, కడుపు నిండదు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ ఎరిగినవాళ్ళు ఇది వినగానే టెంకల అంబలి అనేవారు. మామిడి కాలంలో టెంకలు పారెయ్యకుండా పోగేసి ఎండబెడతారు. పై పెంకు పగలగొట్టి లోపలి జీడి తీస్తారు. దాన్ని దంచి, బుట్టలోనో గుడ్డలోనో కట్టి పారే గెడ్డ నీళ్ళలో ఉంచుతారు. వగరు పోయేదాకా ఉంచాలి, తొందరపడితే నాలిక మొద్దుబారి పొట్ట పట్టేస్తుంది. తర్వాత ఆరబెట్టి పిండి చేసి, చోళ్ళ పిండి ఉంటే కొంచెం కలిపి అంబలి కాస్తారు. గింజలు అయిపోయే వానాకాలానికి ఇది ఆధారం. వానకి తడిసి బూజు పట్టిన టెంకలైతే వాంతులు, విరేచనాలు, ప్రాణాల మీదికి వస్తుంది. 2001లో ఒరిస్సా కాశీపూర్‌లో చావుల వార్తలొచ్చినప్పుడు పేపర్లన్నీ టెంకల గురించి రాశాయి. జాతాపు, సవర ఊళ్ళలో దీని గురించి ఎవరూ కొత్తగా ఆశ్చర్యపోలేదు.

ఇక గోడ. మూడో కూర్చోబెట్టు.

ముఠా పని ఆగిపోయిన పవర్ స్టేషను రెండో అంతస్తు గోడ లేపడం. నీళ్ళు వేడి చేస్తేనే సిమెంటు పాకం కలుస్తుంది, ఇసక కూడా వేడెక్కాలి. కింద పొయ్యి దగ్గర కలిపిన పాకం ఏటవాలు చెక్క మీంచి మోసుకుని పైకి తేవాలి. తెచ్చేలోపు చల్లారిపోతుంది. గోడ మీద పాత వరస పైన మంచు పేరుకుని ఉంటుంది. షూహోవ్ గొడ్డలితో దాన్ని చెక్కి, తీగ బ్రష్షుతో ఊడ్చి, అప్పుడు తాపీ పట్టుకుంటాడు. ఒక్క దిమ్మెకి, అంటే పెద్ద ఇటికకి, సరిపడా పాకం మాత్రమే వేస్తాడు. ఎక్కువ వేస్తే మిగిలింది గడ్డకట్టి పైదిమ్మె కూర్చోదు. తక్కువైతే కింద ఖాళీ. దిమ్మె పెట్టేటప్పుడే గురి తప్పకుండా పెట్టాలి, తర్వాత జరపడానికి వీలుండదు. దారం కట్టుకుని వరస చూసుకుంటాడు. ముందు కట్టినవాడు ఎక్కడ వంకర చేశాడో కనిపెట్టి రెండు మూడు వరసల్లో సరిచేసేస్తాడు. పక్కన లాత్వియా వాడు కిల్‌దిగ్స్ అదే వేగంతో కడుతుంటాడు.

ఇది వింటున్న మేస్త్రులు మధ్యలోనే అడ్డుపడేవారు. “ఇటిక తడపకుండా ఏటి కట్టడం మాస్టారూ?” మన దగ్గర ఇటికని కట్టే ముందు నీళ్ళలో నానెయ్యాలి, లేకపోతే అది పాకంలోని నీరు పీల్చేసి అతుకు పొడిబారిపోతుంది. ఒకటికి ఆరు పాళ్ళు ఇసక, కలిపిన అరగంటలో వాడెయ్యాలి, గట్టిపడుతోందని మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే బలం చచ్చిపోతుంది. కట్టాక కనీసం వారం రోజులు నీళ్ళు కొట్టాలి. అక్కడ తడిపితే ఆ నీరే మంచై అతుకుని చీల్చేస్తుంది. ఎండకి పనికొచ్చే ప్రతి జాగ్రత్తా ఆ చలిలో చేటు. ఈ తేడా విప్పి చెప్పడానికే సాయంత్రం గడిచిపోయేది. పాకం వేడి తగ్గకముందే పెట్టి వదిలేస్తే అతుకు పడుతుందా, వేసవి వచ్చి మంచు కరిగితే ఆ గోడ నిలుస్తుందా అని వాదులాట. నిలవడం అనుమానమే. చలిలో కట్టిన గోడల గురించి తెలిసిన ఇంజనీర్లని అడిగినా, గడ్డకట్టిన పాకం కరిగాక పూర్తి బలం తెచ్చుకోదనే చెప్తారు. షూహోవ్‌కి ఆ దిగులు లేదు. పొద్దు వాలి పని ముగించమని అరుస్తున్నా మిగిలిన పాకం వృథా చెయ్యడం ఇష్టం లేక ఇంకో నాలుగు దిమ్మెలు పెట్టేస్తాడు, పరిగెడుతూ కూడా వెనక్కి తిరిగి వరస తిన్నగా ఉందా లేదా అని చూసుకుంటాడు. తనని బంధించినవాళ్ళ కోసం కట్టే గోడ మీద అంత మమకారం ఏమిటని కాలేజీ కుర్రాళ్ళు కోప్పడేవారు. మేస్త్రులు ఆ ప్రశ్నే వేసేవారు కాదు. హైదరాబాదు, మద్రాసు వలసపోయి పరాయివాళ్ళ మేడలు కట్టి వచ్చినవాళ్ళు వాళ్ళు. నా మటుకు నాకు మేస్త్రులు చదివినదే సరైన చదువు.

షూహోవ్ దాచేవి చాలా చిన్నవి. మంచి తాపీ ఒకటి సామాన్ల గదికి అప్పగించకుండా పని చోటే దాచుకుంటాడు. ఎందుకంటే చేతికి అలవాటు పడ్డ తాపీ మర్నాడు ఇంకొకడి చేతికి పోకూడదు. అల్యూమినియం తీగతో తనే పోత పోసుకున్న చెంచా, ‘ఉస్త్-ఇజ్మ 1944’ అని చెక్కుకున్నది, బూటులో ఉంటుంది. ఆ రోజు మంచులో దొరికిన హాక్సా ముక్క తీసుకుంటాడు. అది సానపెడితే చెప్పులు కుట్టుకునే చిన్న కత్తి అవుతుంది, దాంతో రొట్టె సంపాదించొచ్చు. పట్టుబడితే శిక్ష కొట్లో పది రోజులు, ఆ కొట్లోంచి బయటపడ్డవాడికి ఆరోగ్యం మిగలదు. గేటు దగ్గర సోదా మొదలైపోయాక గాని అది తన దగ్గరుందని గుర్తుకు రాదు. చేతి తొడుగులో దూరుస్తాడు. కాపలావాడు ఖాళీ తొడుగుని నలిపి చూస్తాడు, రెండోది పట్టుకోబోతుంటే పైవాడు త్వరగా కానివ్వమని అరుస్తాడు. పుస్తకం మొత్తం మీద గుండె ఆగేంత పని అదే, పేజీ కూడా నిండదు. అల్యోష్క చేత్తో రాసుకున్న సువార్త మాత్రం గోడ పగుల్లో ఉంటుంది, ఎన్ని సోదాలైనా దొరకదు.

పుస్తకాలు దాచడం గురించి మన జిల్లాలో తెలిసిన విద్య కొంత ఉంది. 1970 తర్వాత ఎర్ర అట్ట కనిపిస్తే చాలు ఇంట్లోవాళ్ళు కంగారుపడేవారు. అటక మీద పెడితే ఎలకలు కొరికేసేవి, వాటికి అట్టలోని మైదా జిగురు ఇష్టం. తాటాకు కప్పులో దోపితే మొదటి వానకే ముద్ద. ధాన్యం గాదెలో పెడితే పురుగు, దుమ్ము. ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూట కట్టడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం. లోపలి చెమ్మ బయటికి పోక నాలుగు నెలల్లో బూజు. నిలిచింది ట్రంకు పెట్టె, వేపాకులు, వస కొమ్ములు, ఏడాదికి రెండుసార్లు ఎండ. అట్ట మార్చడం ఇంకో పని. సిమెంటు సంచి లోపలి పొర తీసి, దులిపి, మడిచి అట్ట వేసి పైన ‘పెద్దబాలశిక్ష’ అని రాసేవారు.

కాయితమే లేకుండా దాచడం వేరు. సోల్జెనిత్సిన్ 1945 ఫిబ్రవరిలో, స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో స్టాలిన్‌ని తప్పుపట్టినందుకు అరెస్టయి, ఎనిమిదేళ్ళ శిక్షలో చివరి ఏళ్ళు కజకిస్తాన్‌లోని ఎకిబస్తూజ్ క్యాంపులో గడిపాడు. అక్కడ గోడలు కట్టాడు. రాసుకున్న పద్యపాదాలు కొన్ని కొన్నిగా కంఠస్థం చేసి ఆ చీటీ తగలబెట్టేసేవాడు. లెక్క తప్పకుండా పూసల దండ వాడేవాడు. మన దగ్గర బొడ్డపాడు విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ కట్టి ఊరూరా చెప్పాడు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశాక కూడా ఆ పాటలు కాయితం మీద కన్నా గొంతుల్లోనే ఎక్కువ నిలిచాయి. చదవడం రానివాళ్ళ దగ్గర సోదా చేసి ఏం పట్టుకెళ్తారు?

చివరి పేజీలో షూహోవ్ పడుకుంటూ ఆ రోజుని లెక్కేసుకుంటాడు. కొట్లో వెయ్యలేదు, జావ అదనంగా ఒక గిన్నె దొరికింది, గోడ బాగా వచ్చింది, హాక్సా ముక్క చిక్కలేదు, జబ్బు పడలేదు. దాదాపు సుఖంగా గడిచిన రోజు. ఇక్కడ చెప్పేవాళ్ళు గొంతు బరువెక్కించి, ఏడుపు తెప్పించాలని చూస్తే పుస్తకం చెడిపోతుంది. బజారు చీటీ చదివినట్టు చదవాలి. ఆ తర్వాత లెక్క: పదేళ్ళ శిక్షలో అలాంటి రోజులు 3653. పదేళ్ళకి 3650 కదా, మూడు ఎక్కువ ఎందుకని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు. 1944, 1948, 1952 లీపు సంవత్సరాలు. పంచాంగం చూసే అలవాటున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కేసి సరే అనేవారు.

ఇప్పుడు చదవాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. పాత పెంగ్విన్ 1963 నాటి రాల్ఫ్ పార్కర్ అనువాదం, పత్రికలో అచ్చయిన పాఠం మీద చేసింది. 1991లో వచ్చిన విల్లెట్స్ అనువాదం రచయిత ఆమోదంతో పూర్తి పాఠం నుంచి చేసింది, తిట్లు, క్యాంపు మాటలు దాంట్లో బాగా వినిపిస్తాయి. దొరికితే అదే చదవండి. పాత ప్రతే చేతికి వస్తే ఒక్కసారిగా విప్పొద్దు, ఆ జిగురు ఎండిపోయి నడిమికి విరుగుతుంది. విరిగితే పాత జిగురు గీకేసి, అంచుకి పావు అంగుళం లోపల దబ్బనంతో మూడు చిల్లులు పొడిచి నూలు దారంతో కుట్టండి. అంతకన్నా లోపలికి వెళ్తే వాక్యాల మొదటి అక్షరాలు కుట్టులోకి పోతాయి. జిగురుకి మైదా ఉడికించి చిటికెడు మైలతుత్తం కలిపితే పురుగు పట్టదు. అది విషం, కలిపిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి తేవద్దు. అట్ట అంటించాక ఒక రాత్రి బరువు కింద ఉంచితే వంకరపోదు.